పాత హ్యాండ్ డ్రిల్: ముందు చక్ చూడండి, తర్వాతే రంగు

హోస్ట్: అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన మిల్లర్స్ ఫాల్స్ కంపెనీ హ్యాండ్ డ్రిల్, నంబర్ 2తో మొదలుపెడదాం మాస్టారూ. ఎర్ర చక్రం, రోజ్‌వుడ్ పిడి. ఫొటో చూస్తేనే చెయ్యి జేబులోకి పోతుంది.

అతిథి: అక్కడే మోసపోయేది. రంగు మళ్ళీ వేసుకోవచ్చు, పిడికి లిన్సీడ్ నూనె పట్టించుకోవచ్చు. చక్, అంటే బిట్‌ను బిగించే ముందు భాగం, పాడైతే ఇక ఆ డ్రిల్ గోడకు తగిలించుకునే బొమ్మే. అందుకే బేరానికి వెళ్ళేటప్పుడు జేబులో ఒక సన్న బిట్ (రంధ్రం చేసే ఉక్కు పుల్ల), 1.5 మి.మీ.ది, పెట్టుకెళ్ళండి. చక్‌లో బిగించి తిప్పండి. మొన నిలకడగా తిరగాలి.

హోస్ట్: తిరక్కుండా సున్నా చుడితే?

అతిథి: బిట్టే వంగిందేమో ముందు తేల్చుకోవాలి. వదులు చేసి, బిట్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ బిగించండి. వంపు బిట్‌తో పాటే పక్క మారిందా, తప్పు బిట్‌ది. అదే 'జా' (చక్ లోపల బిట్‌ను పట్టుకునే దవడ) వైపు ఉండిపోయిందా, తప్పు చక్‌ది. ఎక్కువసార్లు లోపల మట్టి పేరుకునో, జాల మధ్య ఉండే స్ప్రింగుల్లో ఒకటి ఊడిపోయో ఉంటుంది.

హోస్ట్: బాల్‌పెన్ స్ప్రింగ్ కత్తిరించి వేసేస్తారు కదా చాలామంది?

అతిథి: వేస్తారు, అది జా పక్కనున్న రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. జా ఓరగా నిలబడుతుంది. రంధ్రం వ్యాసం కొలిచి, స్టీల్ గిటార్ తీగను దానికంటే కాస్త సన్నని మేకు చుట్టూ బిగించి చుట్టుకోండి. వదిలేస్తే చుట్టు కొద్దిగా విచ్చుకుంటుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి. మూడు స్ప్రింగులూ ఒకే పొడవుండాలి.

హోస్ట్: గేర్ల సంగతి?

అతిథి: బిట్ తీసేసి, హ్యాండిల్‌ని మెల్లగా తిప్పుతూ కళ్ళు మూసుకోండి. నవ్వకండి, చేతికే తెలుస్తుంది. హ్యాండిల్ ఒక చుట్టు తిరిగేలోపు ఒక్కసారే బిగుసుకుంటే పెద్ద చక్రం వంగింది. నాలుగైదుసార్లు పట్టేస్తుంటే పినియన్ (పెద్ద చక్రం తిప్పే చిన్న గేరు) పన్ను విరిగిందనో, స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) వంగిందనో అర్థం. కొనకండి. రెండు పినియన్లున్న మోడల్లో చక్‌ను తిప్పేది ఒకటే. రెండోది చక్రం పక్కకు ఒరగకుండా ఆపుతూ ఎదురు దిశలో ఊరికే తిరుగుతుంది. దానికి ఎవరూ నూనె వెయ్యరు. అది పట్టేసి డ్రిల్ మొత్తం బరువెక్కిపోతే, అమ్మేవాడు తుప్పు అంటాడు. రెండు చుక్కల కుట్టుమిషన్ నూనెతో పోయే జబ్బు.

హోస్ట్: చక్ ఊడదీయడానికి గేర్ పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపుతారు.

అతిథి: పోత ఇనుము పన్ను టప్పున ఎగిరిపోతుంది! రాత్రంతా కిరోసిన్ పట్టించి, చక్‌ను వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) తోలుముక్క మధ్య పట్టి, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పండి. కింద పళ్ళెం పెట్టుకోండి. కొన్నిట్లో స్పిండిల్ వెనక విడి బేరింగ్ గుండ్లుంటాయి, ఊడిన వెంటనే దొర్లిపోతాయి.

హోస్ట్: తుప్పుకి వెనిగర్?

అతిథి: ఉత్త ఇనుప భాగాలకైతే సరే, గంటగంటకూ చూస్తూ. నికెల్ పూతకు వద్దు. పూత పగుళ్ళలోంచి దిగి కింది ఇనుమును తినేస్తుంది, పూత పొరలుగా లేస్తుంది. నికెల్‌కి కిరోసిన్, ఇత్తడి బ్రష్ చాలు.

హోస్ట్: మిల్లర్స్ ఫాల్స్ కాక ఇంకేవి వెతకాలి?

అతిథి: మసాచుసెట్స్‌లోనే గ్రీన్‌ఫీల్డ్ ఊరి గుడెల్-ప్రాట్ సరుకు చక్కగా ఉంటుంది. 1931లో ఆ కంపెనీ మిల్లర్స్ ఫాల్స్‌లో కలిసిపోయింది. ఫిలడెల్ఫియా నార్త్ బ్రదర్స్ వాళ్ళ 'యాంకీ' డ్రిల్స్ ఇంకా నాజూకు. ఆ సంస్థను 1946లో స్టాన్లీ కొనేసింది కాబట్టి రెండు పేర్లూ కలిసి కనిపిస్తే ఆ తర్వాతిదే. నా ఓటు మాత్రం వాడకానికి మిల్లర్స్ ఫాల్స్‌కే, విడిభాగాలు దొరుకుతాయి.

హోస్ట్: పిడి చివర మూత తిరుగుతుందే, అదెందుకు?

అతిథి: లోపల బిట్లు దాచుకునే బోలు. మూత బిగుసుకుంటే ప్లయర్‌తో పట్టొద్దు, చెక్క మర చిట్లిపోతుంది. రబ్బరు ముక్కతో పట్టి తిప్పండి. అదృష్టముంటే పాత బిట్లు లోపలే ఉంటాయి. వాటి గాడి మెలిక లేకుండా నిటారుగా ఉంటుంది, పొట్టును పైకి లాగదు. చెక్కలో నాలుగైదు మిల్లీమీటర్లు దిగగానే బయటికి తీసి దులిపి మళ్ళీ పెట్టాలి, లేదంటే ఇరుక్కుని విరుగుతుంది.