మెడ తిరిగిన కోడికి పసుపు పనిచెయ్యదు

(పెరటి కోళ్లపై ఫోన్-ఇన్ కార్యక్రమం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల శ్రోతల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఇయ్యాల మాట్లాడుకునేది ఫారం కోళ్ల గురించి కాదు, వాకిట్ల తిరిగే పది పదిహేను నాటుకోళ్ల గురించి. స్టూడియోలో డాక్టరమ్మ ఉన్నరు. మొదటి ఫోన్ దేవరకొండ దిక్కు నుంచి. చెప్పండమ్మా.

కాలర్, దేవరకొండ: నమస్తే సార్, నమస్తే డాక్టరమ్మా. మాకు పద్నాలుగు కోళ్లుండె. నాలుగొద్దుల్ల ఆరు సచ్చిపోయినయ్. ఆకుపచ్చగ పారుతున్నయ్. రెండిటికి మెడ ఎనకకు తిరిగింది. ఎల్లిగడ్డ, పసుపు నూరి ఉండలు చేసి మింగిపిచ్చిన. తక్కువైతలేదు.

డాక్టర్: నోరు తెరిచి ఊపిరి తీస్తున్నయా?

కాలర్: అవునమ్మా. రాత్రి గూట్ల గుర్రు గుర్రుమంటున్నయ్.

డాక్టర్: ఈ మధ్య అంగట్ల కోడిని ఏమన్న కొన్నరా?

కాలర్: ఒక పుంజును తెచ్చినం. పది పన్నెండు రోజులైతది. ముందుగాల అదే సచ్చింది.

డాక్టర్: మీరు చెప్పే గుర్తులు కొక్కెర తెగులుకు సరిపోతున్నయ్. రాణికెట్ అని కూడా అంటరు. వైరస్ రోగం. ఒంట్లకు వచ్చినంక దానికి మందు లేదు. ఎల్లిగడ్డకు, పసుపుకు, ఇంగ్లిష్ మందుకు కూడా అది లొంగదు. రోగం లోపలికి పోయిన అయిదారు రోజులకు బయటపడ్తది, ఒక్కోసారి రెండు వారాలు పడ్తది. అందుకే కొన్ననాడు పుంజు మంచిగనే కనపడ్డది. ఇప్పుడు మిగిలిన ఎనిమిదిట్ల ఎన్ని మంచిగ తింటున్నయ్?

కాలర్: అయిదు తింటున్నయ్. మూడు మూలకు కూసున్నయ్.

డాక్టర్: ఆ మూడింటిని వేరే గంప కింద, గాలి వాలుకు దూరంగ పెట్టండి. ముందు మంచి కోళ్లకు మేత, నీళ్లు పెట్టి, చివర్ల రోగం కోళ్ల దగ్గరికి పోండి. అటు పోయినంక చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోనిదే మంచి కోళ్ల దిక్కు రావద్దు. చెప్పులు కూడా వేరే పెట్టుకోండి. పెంట మీ చెప్పులకు అంటుకునే పక్కింటికి పోతది. మంచిగున్న అయిదింటికి పశువుల దవాఖానల అడిగి లసోటా చుక్క, అంటే ఈ తెగులుకు వేసే చుక్కల టీకా, వేయించండి. ఒక మాట ముందే చెప్తున్న: వాటిల్ల ఇప్పటికే వైరస్ పోయినవి ఉంటే, చుక్క వేసినా పోతయ్. టీకా వేస్తేనే సచ్చినయని అనుకోవద్దు.

కాలర్: మూలకు కూసున్నవాటిని కోసుకోవచ్చునా అమ్మా? ఎట్లైనా సచ్చేవే గదా.

డాక్టర్: వద్దమ్మా. కొక్కెర తెగులు తిండితోని మనుషులకు రాదు. కానీ బర్డ్ ఫ్లూ కూడా అచ్చం ఇట్లనే ఉంటది, కంటితోని చూసి ఏది ఏదో నేను కూడా చెప్పలేను. 2025 మొదట్ల ఆంధ్రల, మన తెలంగాణల బర్డ్ ఫ్లూ వచ్చింది గదా. ఇంకోటి, కోసినప్పుడు పడే ఈకలు, పేగులు కుక్కలు ఊరంతా లాగుతయ్. తెగులు ఒక వాడ నుంచి ఇంకో వాడకు గట్ల కూడా పాకుతది. అంగడికి కూడా తీసుకపోవద్దు. సచ్చినవాటిని మూడడుగుల గుంత తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. ఒక్కసారే ఇన్ని సచ్చినయని పశువుల డాక్టర్‌కు చెప్పండి, కావాలంటే వాళ్లు శాంపిల్ తీసి పంపిస్తరు. 1962కు ఫోన్ చేసినా సంచార వైద్యశాల వాళ్లకు తెలుస్తది.

యాంకర్: కొత్త కోడిని తెచ్చినప్పుడు ఎన్ని రోజులు వేరుగ పెట్టాలె?

డాక్టర్: కనీసం మూడు వారాలు. మేత గిన్నె, నీళ్ల గిన్నె కూడా వేరుండాలె. ఈ ఒక్క పని చేసుంటే ఆ పుంజు ఒక్కటే పోయేది.

యాంకర్: కల్వకుర్తి నుంచి ఒక తమ్ముడు లైన్ల ఉన్నడు.

కాలర్, కల్వకుర్తి: నమస్తే మేడమ్. నావి ముప్పై నాటుకోళ్లు. పూర్తిగ సహజంగ పెంచుతున్న. మందులు, టీకాలు ఏం ఇయ్య. నీళ్లల్ల వేపాకు, తులసి, మేతల నల్ల జీలకర్ర. గట్ల చేస్తే రోగనిరోధక శక్తి అదే వస్తది గదా?

డాక్టర్: కోళ్లను ఎక్కడ పండుకోబెడ్తవ్ తమ్ముడూ?

కాలర్: గూడుంది మేడమ్. కింద మట్టి.

డాక్టర్: నీ సహజం అక్కడి నుంచే మొదలు కావాలె. కింద రెండు మూడు అంగుళాల మందం వడ్ల ఊక పరువు. వారానికి ఒకసారి తిరగెయ్యి. పిడికెడు తీసి పిసుకు. ముద్ద కట్టిందంటే తడి ఎక్కువైనట్టు, అది తీసేసి పొడి ఊక వెయ్యి. పొద్దుగాల గూడు తలుపు తియ్యంగనే కండ్లు మండినయంటే, రాత్రంతా ఆ ఘాటును కోళ్లు పీల్చినట్టే. సగం జలుబు రోగాలు అక్కడ పుడ్తయ్, వేపాకు నీళ్లు పెడ్తే పోయేవి కావు. వేప, తులసి పెట్టుకో, నేనేం వద్దనను. కానీ కొక్కెర తెగులును అవి ఆపవు. చుక్క ఒక్కటే ఆపుతది. చుక్క అంటే బలం తక్కువున్న అదే జాతి వైరస్. కోడి ఒళ్లు దాన్ని చూసి తనంతట తానే నేర్చుకుంటది. ఇంతకన్న సహజం ఏముంటది?

కాలర్: మరి ఎప్పుడెప్పుడు వెయ్యాలె?

డాక్టర్: రాసుకో. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా, కంట్లనో ముక్కులనో ఒక చుక్క. 14వ రోజుకు గంబోరో చుక్క, అది గంబోరో అనే ఇంకో వైరస్ రోగానికి. 28వ రోజుకు మళ్ల లసోటా. ఆరు వారాలు దాటినంక మసూచి టీకా, రెక్క పొరల పొడుస్తరు. ఎనిమిది వారాలు నిండినంక ఆర్2బి సూది, అది కూడా కొక్కెర తెగులుకే, అర మిల్లీలీటరు, చర్మం కింద. మసూచికి, ఆర్2బికి నడుమ వారమన్న ఎడం ఉండాలె. ఆర్2బిని తొందరపడి చిన్న పిల్లలకు వెయ్యొద్దు, అది కొంచెం గట్టి టీకా, కాళ్లు పడిపోయే ప్రమాదముంది. దానికి వారం ముందు నట్టల మందు తాపించు. కడుపు నిండ నట్టలున్న కోడికి టీకా సరిగ పట్టదు.

కాలర్: సీసా వంద కోళ్లకు వస్తది మేడమ్. నాయి ముప్పయే.

డాక్టర్: అసలు ఇబ్బంది అదే. చాలామంది దీనికే టీకా మానేస్తరు. విప్పిన సీసా దాచిపెట్టుకుంటే రేపటికి పనికిరాదు. కలిపినంక రెండు గంటలల్ల అయిపోవాలె, ఎండాకాలమైతే గంటల. వాడకట్టు మొత్తం ఒక రోజు అనుకోండి. ముందు రోజు రాత్రి అందరు కోళ్లను గంపల కింద కమ్ముకోవాలె, పొద్దున వదలకుండ. తెల్లారంగనే ఇద్దరు మనుషులు ఇంటింటికి తిరిగితే గంటల వంద అయిపోతయ్. దవాఖాన నుంచి సీసాను ఐస్ ముక్కలున్న ఫ్లాస్కుల తేవాలె. మే నెల ఎండల అంగి జేబుల పెట్టుకొని మోటరు సైకిల్ మీద తెచ్చిన టీకా, టీకా కాదు, ఉత్త నీళ్లు. చుక్క వేసినంక కోడి కన్ను మూసి తెరిచేదాక పట్టుకోవాలె, లేకపోతే తల విదిలిస్తే అంతా బయటనే. మూడు నాలుగు రోజులు తుమ్ముతయ్, భయం లేదు.

పెద్ద కోళ్లకు నీళ్లల్ల కూడా ఇయ్యొచ్చు. నల్లా నీళ్లు వద్దు, క్లోరిన్ ఉంటది. బాయి నీళ్లు లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, దాంట్ల టీకా కలుపు. అంతకు ముందు ఒక గంట కోళ్లకు నీళ్లు పెట్టకు. నీళ్ల టీకా బలం రెండు మూడు నెలలే ఉంటది, అది గుర్తుపెట్టుకో.

యాంకర్: అచ్చంపేట నుంచి ఫోన్. కొంచెం గాబరాగ ఉన్నట్టున్నది.

కాలర్, అచ్చంపేట: మేడమ్, ఇప్పుడే గంట కింద కుక్క పట్టింది పెట్టను. ఇడిపిచ్చినం. ఈపు మీద తోలు చినిగింది, రెండు మూడు పండ్ల గాట్లున్నయ్. కాఫీ పొడి పెడ్దామంటున్నరు.

డాక్టర్: కాఫీ పొడి, సున్నం, పసుపు, ఏదీ గాటు లోపలికి కూరొద్దు. రక్తం కారుతుందా?

కాలర్: జర జర వస్తుంది.

డాక్టర్: ఉతికిన గుడ్డ మడిచి అదిమి పట్టండి, అయిదు నిమిషాలు గడియారం చూసి. నడుమ నడుమ ఎత్తి చూడొద్దు, ఎత్తితే గడ్డ కట్టేది మళ్ల ఊడుతది. కోడిని తువ్వాలతో చుట్టి, చీకటిగ ఉన్న అట్టపెట్టెల పెట్టండి. చాన కోళ్లు గాయంతోని కాదు, బెదురుతోని పోతయ్. పావుగంట వదిలెయ్యండి, తర్వాత కడగండి.

కాలర్: డెటాల్‌తోనా?

డాక్టర్: కాదు. లీటరు నీళ్లు మరగబెట్టి చల్లార్చి, చెంచాన్నర ఉప్పు కలపండి, టీ చెంచాతోని. సూది తీసేసిన సిరంజి ఉంటే దాంట్ల నింపి, గాయంల మట్టి, ఈకలు పోయేదాక ధారగ కొట్టండి. డెటాల్, స్పిరిట్ కొత్తగ వచ్చే కండను కాలుస్తయ్. గాయం చుట్టు ఈకలు కత్తెరతోని కత్తిరించండి, పీకొద్దు, పీకితే ఆ పల్చటి తోలు ఇంక చినుగుతది. బెటాడిన్ ఉంటే నీళ్లల్ల పల్చటి డికాక్షన్ రంగు వచ్చేదాక కలిపి పైన అద్దండి.

కాలర్: గాట్లకు కుట్లు పడ్తయా?

డాక్టర్: చినిగిన తోలుకు ఆరేడు గంటల లోపల తీసుకపోతే డాక్టర్ కుట్టొచ్చు. పండ్ల గాట్లకు మాత్రం కుట్లు వెయ్యరు, మూసెయ్యరు. కుక్క పండు సన్నగ, లోతుగ దిగుతది. పైన మూసుకుంటే లోపల చీము పడ్తది. చూడడానికి సూదిబెజ్జమంత ఉంటది, రెండో రోజుకు కోడి తిండి మానేస్తది. అందుకే ఈ రోజే యాంటీబయాటిక్ పడాలె, ఏది, ఎంత అన్నది కోడి బరువు చూసి డాక్టరే ఇయ్యాలె. ఆ మందు వాడినన్ని రోజులు, తర్వాత డాక్టర్ చెప్పినన్ని రోజులు గుడ్లు తినొద్దు. ఒకటి చూడండి, గాయం పక్కన తోలు మీద వేలితో ఒత్తితే చిటపటమంటుందా?

కాలర్: ...అవును మేడమ్. ఉబ్బినట్టుంది.

డాక్టర్: లోపల గాలి సంచికి గాటు పడి, గాలి తోలు కిందికి వచ్చింది. కొంచమే ఉంటే అదే తగ్గుతది. ఇంకా ఉబ్బుతుంటే డాక్టర్ దగ్గర గాలి తీయించాలె, ఇంట్ల పొడవొద్దు. ఇగ ఈగలు. మన దగ్గర ఈగ వాలితే ఒక్క రోజుల పురుగులు పడ్తయ్. దోమతెర కింద పెట్టండి. వేపనూనె గాయం చుట్టు తోలుకు రాయండి, గాయం లోపల కాదు. పశువులకు పోసినట్టు టర్పెంటైన్ కుమ్మరించొద్దు, కోడి ఒళ్లు తట్టుకోదు. పురుగులు కనపడితే చిమటాతోని ఏరి, మళ్ల ఉప్పునీళ్లతో కడగండి.

తాగడానికి లీటరు నీళ్లల్ల పెద్ద చెంచాడు బెల్లం, చిటికెడు ఉప్పు. నోట్లె పొయ్యొద్దు, ఊపిరి గొట్టంలకు పోతది. ముక్కు అంచుకు చుక్క పెడ్తే అదే చప్పరిస్తది. మానేదాక మిగతా కోళ్లల్ల కలపొద్దు, ఎర్రగ కనపడితే పొడుస్తనే ఉంటయ్. ఇడిపిచ్చేటప్పుడు ఆ కుక్క మిమ్మల్ని గానీ గీరిందా?

కాలర్: చెయ్యి మీద జర గీసుకపోయింది.

డాక్టర్: కోడిని పక్కన పెట్టి ముందు మీరు ఆ చెయ్యిని పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగండి. వెంటనే దవాఖానకు పోయి రేబిస్ సూది వేసుకోండి. రేపటికి పెట్టుకోవద్దు.

యాంకర్: అన్నా, విన్నరు గదా, ముందు మీరు పోండి. తర్వాత ఫోన్ మిర్యాలగూడ.

కాలర్, మిర్యాలగూడ: నెల పిల్లలు మేడమ్, ముప్పై. రెట్టల రక్తం పడ్తుంది. వానలకు గూడంతా తడి.

డాక్టర్: కాక్సిడియోసిస్ అనిపిస్తుంది, పేగులకు పట్టే క్రిమి రోగం. తడి ఊకల పుడ్తది. ఆంప్రోలియం 20 శాతం పొడి తెచ్చి, అయిదు లీటర్ల నీళ్లకు 6 గ్రాములు, అయిదు రోజులు. వేరే నీళ్లు అందకుండ చూడండి. తర్వాత మోతాదు పావుకు తగ్గించి ఒక వారం. నీరసంగ ఉన్నయని బి-కాంప్లెక్స్ టానిక్ కలుపుతరు చాలామంది. ఈ మందు ఇచ్చినన్ని రోజులు కలపొద్దు. ఈ మందు పనిచేసేదే ఆ క్రిమికి బి1 విటమిన్ అందకుండ చేసి. మీరు పైనుంచి బి1 పోస్తే మందు దండుగ. ఊక మొత్తం మార్చండి.

యాంకర్: నారాయణపేట.

కాలర్, నారాయణపేట: డాక్టరమ్మా, కోళ్లకు పేన్లు. పొదుగుడు పెట్ట గుడ్ల మీద కూసుంట లేదు. సీతాఫలం గింజలు దంచి రాయమంటున్నరు, రాయొచ్చునా?

డాక్టర్: పాలమూరుల సీతాఫలం గింజలకు కరువా! పనిచేస్తయ్, కానీ ఆ పొడి కంట్ల పడితే కన్ను దెబ్బతింటది, మనుషులకైనా, కోడికైనా. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, కోడి తల మీద చెయ్యి అడ్డం పెట్టి, రెక్కల కింద, ముడ్డి చుట్టు మాత్రమే రాయండి. పది రోజులకు మళ్ల రాయాలె. ఈపులు, అంటే పేన్ల గుడ్లు, వారంల పొదుగుతయ్ కాబట్టి ఒకసారితోని అయిపోదు. పొదిగే పెట్టకు మాత్రం వద్దు, పిల్లల మీద పడ్తది. దాని గంపల మెత్త మార్చి, బూడిద చల్లండి. మిగతావాటికి నీడల ఒక గుంత తీసి, సగం మెత్తటి ఇసుక, సగం కట్టెల బూడిద, ఎండిన వేపాకు పొడి వెయ్యండి, అవే పొర్లుతయ్. రాత్రి టార్చి వేసి గూటి పగుళ్లు చూసిన్రా?

కాలర్: లేదమ్మా.

డాక్టర్: చూడండి. గోమార్లు పగలు పగుళ్లల్ల దాగి రాత్రి రక్తం తాగుతయ్. కోడి మీద వెతికితే కనపడవు. ఉంటే పగుళ్లు మట్టితో మెత్తి, సున్నం కొట్టండి.

యాంకర్: చివరి ఫోన్, గద్వాల.

కాలర్, గద్వాల: మేడమ్, పిల్లల మొఖం మీద, జుట్టు మీద పొక్కులు. ఒకదానికి కండ్లు మూసుకపోయినయ్. అమ్మవారంటున్నరు.

డాక్టర్: మసూచే. దోమలతోని వస్తది. నోట్లె తెల్లగ పొర కట్టిందా?

కాలర్: లేదు.

డాక్టర్: అయితే మూడు నాలుగు వారాలల్ల అదే మానుతది. పొక్కులు గీకొద్దు. పసుపు, వేపాకు కొబ్బరినూనెల నూరి పైన రాయండి, ఇక్కడ పసుపు పనికొస్తది. కండ్లు మూసుకపోయిన పిల్లకు పొద్దుమాపు గోరువెచ్చటి ఉప్పునీళ్ల దూది పెట్టి, నానినంక మెల్లగ తెరవండి. రోగం కన్న ఆకలితోని పోయేవే ఎక్కువ, కన్ను కనపడక మేత దొరకది. తడిపిన నూకలు ముక్కుకు అందియ్యండి. నోట్లె పొర వస్తే మాత్రం ఊపిరి ఆడది, దవాఖానకు తీసుకపోండి.

కాలర్: మిగతా పిల్లలకు ఇప్పుడు టీకా వెయ్యొచ్చునా?

డాక్టర్: పొక్కులు లేనివాటికి ఈ వారమే వేయించండి. వారం పది రోజులకు, పొడిచిన జాగల చిన్న పొక్కు లేచిందా లేదా చూడండి. లేవకపోతే టీకా పట్టలేదన్నట్టు, మళ్ల వేయించాలె. ఎండి రాలిన పొలుసులు ఊడ్చి కాల్చండి, నెలల తరబడి వాటిల్ల వైరస్ బతికుంటది.