ఘటోత్కచుడు లావెక్కాడు: ప్రొజెక్టర్‌లో యాస్పెక్ట్ రేషియో గోల

అక్క: ఈ వారం వచ్చిన ప్రశ్న చదువుతా, వినరా. "ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకున్నాం, మ్యాచ్‌లు బాగానే వస్తున్నాయి. అమ్మ కోసం మాయాబజార్ బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ పెడితే మాత్రం అందరూ లావుగా కనపడుతున్నారు. మెనూలో యాస్పెక్ట్ రేషియో అని బోలెడు ఆప్షన్లున్నాయి, ఏది పెట్టాలి?" అసలే ఘటోత్కచుడు, ఇంకా లావైతే గోడ చాలదు.

తమ్ముడు: (నవ్వు) ముందు ఆ మెనూ ముట్టుకోవద్దని చెప్పు అక్కా. యాస్పెక్ట్ రేషియో అంటే బొమ్మ అడ్డం ఎంత, నిలువు ఎంత అనే లెక్క, 16:9 అంటే అడ్డం 16 పాళ్ళు, నిలువు 9 పాళ్ళు. ఈ ఆకారం రెండు చోట్ల మారుతుంది. సినిమా పంపే దగ్గర ఒకసారి, అంటే సెట్‌టాప్ బాక్సో, టీవీ స్టిక్కో, ల్యాప్‌టాపో, తర్వాత ప్రొజెక్టర్‌లో ఇంకోసారి. తిట్లు మాత్రం ఎప్పుడూ ప్రొజెక్టర్‌కే.

అక్క: మరి తప్పు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

తమ్ముడు: ల్యాప్‌టాప్ కలిపి, విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టు, డూప్లికేట్ వద్దు, అది ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆకారాన్నే పంపే ఛాన్స్ ఉంది. పవర్‌పాయింట్‌లో షిఫ్ట్ నొక్కిపట్టి ఓవల్ గీస్తే పక్కాగా గుండ్రంగా వస్తుంది. దాన్ని స్లైడ్ షోలో పెట్టి, టేపు తీసుకుని తెర మీద అడ్డం ఎంతుందో, నిలువు ఎంతుందో కొలువు. రెండూ ఒకటే వస్తే ప్రొజెక్టర్ తప్పేం లేదు.

అక్క: దానికి టేపు దేనికిరా, చూస్తే తెలీదూ?

తమ్ముడు: తెలీదు. ఆఫీసుల్లో వాడే ప్రొజెక్టర్లలో చాలావాటికి అడ్డం 1280, నిలువు 800 చుక్కలు, అంటే 16:10. అందులో 16:9 సినిమాని ఫుల్‌లో, అంటే బొమ్మ మొత్తం నిండేలా పెడితే నిలువుగా పదో వంతుకి కాస్త ఎక్కువే సాగుతుంది, మనుషులు కొంచెం పొడుగ్గా, బాగానే ఉన్నారులే అనిపిస్తుంది, కాసేపటికి కన్ను అలవాటు పడిపోతుంది. టేపు అలవాటు పడదు. అయితే కీస్టోన్, అంటే వంకరగా పడ్డ బొమ్మని సరిచేసే సెట్టింగ్, లాగేసి ఉంటే ఈ కొలత నమ్మకు. ముందు ప్రొజెక్టర్‌ని తెరకి ఎదురుగా సరిగ్గా కూర్చోబెట్టు, కీస్టోన్ సున్నాకి తెచ్చి అప్పుడు కొలువు.

అక్క: సరే, వీళ్ళకి సర్కిల్ గుండ్రంగానే వచ్చిందనుకుందాం. అయినా సినిమా లావుగానే ఉంది.

తమ్ముడు: అలాగే వస్తుందని నా అనుమానం, ఎందుకంటే మ్యాచ్‌లు బాగానే వస్తున్నాయన్నారు కదా. సినిమాది 1957, అప్పటి ఫ్రేమ్ దాదాపు 4:3. మన తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పు బొమ్మ, మొదలైందే 1974లో, అల్లూరి సీతారామరాజుతో. అంతకు ముందువాటికి దాదాపు అన్నిటికీ 16:9 తెర మీద రెండు పక్కలా ఖాళీ ఉండాల్సిందే. మూల నుంచి మూలకి వంద అంగుళాలున్న తెర మీద ఒక్కో పక్క 11 అంగుళాలు పోతాయి. ఆ ఖాళీ లేదంటే ఎవరో లాగేశారన్నమాట, ముఖం అడ్డంగా మూడో వంతు పెరిగిపోతుంది. బాక్స్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ అనో, ఫుల్ స్క్రీన్ అనో ఉంటే తీసెయ్యాలి. అక్కడ బాగానే ఉంటే, వీడియో ఎక్కించినవాళ్ళే సాగదీసి ఎక్కించి ఉంటారు, ఆన్‌లైన్‌లో పాత సినిమాలకి ఈ జబ్బు మామూలే.

అక్క: అప్పుడింక ఏం చేస్తాం, చూడ్డం మానేస్తామా?

తమ్ముడు: ఉహూ, అప్పుడు పనికొస్తుంది ప్రొజెక్టర్ మెనూ. 4:3 నొక్కు. చాలా ప్రొజెక్టర్లలో ఆ ఆప్షన్, వచ్చిన బొమ్మ మొత్తాన్నీ అడ్డంగా నొక్కి 4:3లోకి కుదిస్తుంది, సాగినవాళ్ళు మళ్ళీ మామూలు మనుషులవుతారు. అదే, పక్కన ఖాళీతో సరిగ్గా వస్తున్న సినిమాకి 4:3 పెడితే ఘటోత్కచుడు కూడా సన్నబడిపోతాడు. అందుకే ఏది సాగిందో తెలీకుండా మెనూలో వేలు పెట్టొద్దన్నా. సినిమా అయ్యాక మళ్ళీ ఆటోకో, నార్మల్‌కో తెచ్చెయ్యండి, లేకపోతే మర్నాడు మ్యాచ్‌లో బౌలర్లందరూ వెదురుబొంగుల్లా ఉంటారు.

అక్క: కొత్త సినిమాలకి పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి కదా. మా ఇంట్లో ఆయనకి అవి చూస్తే ఒళ్ళు మంట, వెంటనే జూమ్ కొట్టేస్తారు. అంత పెట్టి కొన్నది నల్లరంగు చూడ్డానికా అంటారు.

తమ్ముడు: బావకి లెక్క చెప్పు. వంద అంగుళాల 16:9 తెర ఎత్తు 49 అంగుళాలు. స్కోప్ సినిమా 2.39:1, కాబట్టి బొమ్మ ముప్పై ఆరున్నర అంగుళాల ఎత్తే ఉంటుంది, పైన ఆరు, కింద ఆరు పట్టీ. తెర నిండేదాకా జూమ్ చేస్తే ఆ పట్టీ పోతుంది, దాంతోపాటు సినిమా వెడల్పులో నాలుగో వంతు గోవిందా. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీన్లో ఇద్దరి ముక్కులే మిగులుతాయి. సబ్‌టైటిల్స్ కింది పట్టీలో వచ్చేవైతే అవీ ఉండవు. క్రికెట్‌కి జూమ్ పెడితే స్కోరే ఎగిరిపోతుంది.

అక్క: అనామార్ఫిక్ అని ఇంకోటి ఉంది, పేరు బాగుందని మా వాడు నొక్కాడు, హీరో తాటిచెట్టంత అయ్యాడు.

తమ్ముడు: దానికి ముందు వేరే లెన్స్ తగిలించాలి. ఆ ఆప్షన్ బొమ్మని నిలువుగా సాగదీస్తే, లెన్స్ అడ్డంగా సాగదీసి సరిచేస్తుంది. లెన్స్ లేనివాళ్ళకి దాంతో పనే లేదు.

అక్క: మరి పట్టీలకి ఏం లేదా? చీకట్లో కూడా అవి పూర్తి నలుపుగా ఉండవు, బూడిదరంగులో మెరుస్తుంటాయి, ఆయనకి అసలు చిరాకు అదే.

తమ్ముడు: అది న్యాయమైన చిరాకే. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, వెలుతురు తగ్గించగలదంతే, ఎంత తగ్గించినా కొంత తెల్ల తెర మీద పడుతుంది. మెరవని నల్ల వెల్వెట్ బట్ట రెండు ముక్కలు, ఆరేసి అంగుళాల కంటే కొంచెం వెడల్పుగా కత్తిరించి, తేలికపాటి బద్దలకి చుట్టి సినిమాకి ముందు పైనా కిందా ఆనించమను. మ్యాచ్ ఉన్నరోజు తీసెయ్యొచ్చు.

అక్క: ఆయనేం కత్తిరిస్తారు, టైలర్ దగ్గరికి నన్నే పంపిస్తారు.