కొండపల్లి కొమ్మకు పేరేంటి?

హోస్ట్: నమస్కారం, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. కాలేజీలో 30 ఏళ్లు బోటనీ పాఠం చెప్పిన మా బాబాయ్ పక్కనే ఉన్నాడు. బాబాయ్, ఆదివారం కొండపల్లి కోటకెళ్తే దారి పక్కన పొదలో ఈ నల్లటి పండ్లు కనిపించాయి. తినొచ్చా?

బాబాయ్: తిండి సంగతి తర్వాత. పండు మీద చెయ్యి అడ్డం పెట్టి కొమ్మ చూడు. ఏముంది?

హోస్ట్: ముళ్లు. ఇప్పటికే రెండు గుచ్చుకున్నాయి.

బాబాయ్: వంకరా, తిన్ననా?

హోస్ట్: తిన్నగానే. ఆకుల దగ్గర జంటగా.

బాబాయ్: అయితే పరికి కాదు. పరిక్కంప ముల్లు కొక్కెంలా ఉంటుంది, చీర చెంగు పట్టిందంటే వదలదు. దాని ఆకుకి మొదట్నుంచే మూడు ఈనెలు లేస్తాయి. దీని ఆకులు ఎదురెదురుగా, నున్నగా ఉన్నాయి. ఒకటి తుంచు.

హోస్ట్: అమ్మో, పాలు! పాలు కారే చెట్టు జోలికి పోవద్దంటుంది అమ్మ.

బాబాయ్: వదిన మాట తీసెయ్యలేం. ఇది గన్నేరు కుటుంబమే. గన్నేరు, పచ్చగన్నేరు ప్రాణం తీస్తాయి. కానీ సపోటాకీ పాలే, పనసకీ పాలే కదా! పాలు చూసి తేల్చలేం. గన్నేరుకి ముళ్లుండవు, దీనికున్నాయి. కొసన ఆ పువ్వు చూడు.

హోస్ట్: తెల్లగా, ఐదు రెక్కలు. మల్లెపూల వాసన! ఫోన్ యాప్ అయితే వాక్కాయ అంది.

బాబాయ్: దగ్గరికొచ్చింది పాపం. మనం పప్పులో, పులిహోరలో వేసే వాక్కాయ దీనికి అన్న వరస. అది ద్రాక్షంత ఉంటుంది, ఇది బఠాణీ కన్నా కాస్త పెద్ద. ఇది కలివి. కలివికోడి పేరు విన్నావా?

హోస్ట్: ఏదో కూర పేరులా ఉంది.

బాబాయ్: పిట్టే! ఇక లేదనుకున్నది 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఈ పొదల్లో తిరుగుతుందనే ఆ పేరు. సరే, ఆ పండు ఇటివ్వు. పచ్చిదొద్దు, జిగురు పెదాలకి అంటుకుంటుంది. బాగా నల్లబడిందివ్వు.

హోస్ట్: తినేశావా? ఎలా ఉంది?

బాబాయ్: ముందు పులుపు, తర్వాత తీపి. గింజ ఊసెయ్యాలి.

హోస్ట్: నాకూ ఒకటి. ఆగు, సంచిలో విడిగా కోసినవి బోలెడున్నాయి. అన్నీ ఇలాంటి నల్లవే.

బాబాయ్: అన్నీ ఈ పొదవేనా?

హోస్ట్: పక్కదానివి కూడా కలిశాయనుకుంటా. దాని ఆకు గరుకుగా ఉంది, నలిపితే ఘాటు వాసన.

బాబాయ్: కాడ పలకలుగా ఉందా? అయితే లాంటానా అయ్యుండాలి. దాని పచ్చికాయ విషం. ఇప్పుడు అన్నీ కలిపేశావు కాబట్టి వేటికీ నేను పేరు పెట్టలేను. కొమ్మ మీది రెండూ నువ్వు తిను, సంచి మాత్రం చెత్తబుట్టలో వేసిరా.