గుంటగట్టు మీద అతిథులు, మైపాడు కెరటంలో పడవ: తప్పు ఎవరిది?

నెల్లూరులో జరిగిన ఆక్వా సదస్సు చివరి రోజున ప్రతినిధులను ఉదయం రొయ్యల గుంటలకు, మధ్యాహ్నం మైపాడు తీరం నుంచి సముద్ర విహారానికి తీసుకువెళ్లారు. ఉదయం ఇరుగుపొరుగు రైతులు గట్టు మీదనే అడ్డుపడి వారిని తిప్పి పంపారు. మధ్యాహ్నం ఒక పడవ ఇంజను కెరటాల అవతల ఆగిపోగా, వేట ముగించుకుని వస్తున్న పడవ దానిని తాడు కట్టి ఒడ్డుకు లాక్కువచ్చింది. ఎవరికీ హాని జరగలేదు. దీనిపై స్టూడియోలో జరిగిన చర్చ ఇది. నలుగురు వక్తలకూ సమాన సమయం ఇస్తామని ప్రారంభంలోనే ప్రకటించారు.

వ్యాఖ్యాత: నమస్కారం. అరకులో కాఫీ తోటలను చూడడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మన రొయ్యల గుంటలను చూడవచ్చిన అతిథులను మాత్రం మనమే వెనక్కి పంపాము. ఇది నెల్లూరుకు మర్యాదేనా? నిర్వాహకులు ముందుగా చెప్పండి.

సదస్సు నిర్వాహకుడు: వచ్చినవారు రెండు రోజులు హాలులో కూర్చుని తెర మీద బొమ్మలే చూశారు. రొయ్య పెరిగే చోటును కళ్లారా చూడాలని వారే కోరారు. గుంట యజమాని అనుమతి తీసుకున్న తరువాతనే మేము—

రొయ్యల రైతు: ఒక్క యజమాని అనుమతి ఇస్తే సరిపోతుందా అండీ? మా గుంటలన్నీ ఒకే ఉప్పుటేరు నీళ్లు తోడుకునేవి. అతని గుంటకు తెగులు వస్తే వారం తిరగకముందే నా గుంటలో రొయ్య గట్టువారకు వచ్చి తేలుతుంది. గట్టు మొదట, కాళ్లు ముంచి క్రిములు పోగొట్టుకోవడానికి, పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ల తొట్టి పెట్టి ఉంది. అతిథులలో ముగ్గురు తమ తెల్ల బూట్లకు మరక అంటుతుందని ఆ తొట్టిని దాటి అవతల కాలు పెట్టారు. నేను అక్కడే నిలబడి చూశాను. తరువాత రొయ్య మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి, రొయ్యను ఎండకు ఎత్తి పట్టుకుని, పేగు కనబడేట్టు ఫొటోలు తీసుకుని, అదే చేత్తో మళ్లీ నీళ్లలో వేశారు. నిన్న ఏ రాష్ట్రంలో ఏ గుంటలో చేయి పెట్టి వచ్చారో ఎవరికి తెలుసు?

వ్యాఖ్యాత: అంటే భయం వల్ల ఆపారు. కానీ అరకు రైతు భయపడడం లేదు కదా?

రొయ్యల రైతు: కాఫీ చెట్టుకు తెల్లమచ్చ వైరస్ రాదండీ! 1994-95లో ఆ వైరస్ వచ్చినప్పుడు ఈ జిల్లాలో టైగర్ రొయ్య వేసినవారు ఎట్లా కూలిపోయారో మా నాన్నను అడగండి. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన తరువాతనే మళ్లీ లేచి నిలబడ్డాము. ఇప్పుడు ఈహెచ్‌పీ, వైట్ గట్ తెగుళ్లు ఒకదాని వెనుక ఒకటి—

వ్యాఖ్యాత: ఆచార్యులు గారూ, బూటుతో వైరస్ వస్తుందా?

విశ్రాంత ఆచార్యులు (మత్స్య శాస్త్రం): రాదని నేను అనను. ముత్తుకూరు కళాశాల నుంచి విద్యార్థులను తీసుకువెళ్లినప్పుడు ముందుగా చిన్న పిల్ల ఉన్న గుంటలను, ఆ తరువాత పెద్ద రొయ్య ఉన్న గుంటలను, తెగులు అనుమానం ఉన్నవాటిని అన్నిటికన్నా చివర చూపించేవాళ్లము. వల గానీ, ట్రే గానీ ఒక గుంటది మరొక గుంటలో ముంచనిచ్చేవాళ్లము కాదు. ఆ క్రమం ఇక్కడ పాటించలేదు. అయితే ఏది ఎంత ప్రమాదమో కూడా చెప్పుకోవాలి. తెల్లమచ్చ వైరస్ ప్రధానంగా సీడుతో, అంటే గుంటలో వేసే రొయ్య పిల్లతో, పీతలతో, శుద్ధి చేయకుండా తోడుకున్న నీళ్లతో వస్తుంది. తెగులు వచ్చిన గుంటలో రొయ్యను రాత్రికి రాత్రి పట్టేసి, ఆ నీటిని బ్లీచింగ్ వేయకుండా అదే ఉప్పుటేరులోకి వదిలితే, పది బస్సుల అతిథులు వచ్చినా జరగని నష్టం—

రొయ్యల రైతు: అందరూ వదలరు సార్.

విశ్రాంత ఆచార్యులు: అందరూ అనలేదు. 5 హెక్టార్లు, ఆపైన ఉన్న సాగుకు వ్యర్థజల శుద్ధి ఏర్పాటు తప్పనిసరి. అంతకన్నా చిన్న గుంటలు పక్కపక్కనే ఎన్ని ఉన్నా—

రొయ్యల రైతు: శుద్ధి చెరువుకు స్థలం ఎక్కడిది సార్? లీజు ఎవరు కడతారు? 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కన ఇచ్చే కౌంటు రేటు పడిపోతే మమ్మల్ని ఎవరు ఆదుకున్నారు? మేత ధర తగ్గిందా? కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి మూడు నెలల కష్టం ఒక్క గంటలో పోతుంది. అప్పుడు గట్టు మీదకు ఒక్క అతిథి కూడా రాడు!

వ్యాఖ్యాత: సుంకాల విషయం చాలా ముఖ్యమైనది. దాని వల్ల ఎకరానికి ఎంత నష్టం వచ్చింది?

(దీనిపై రైతు సుమారు నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఆచార్యులు ఉప్పుటేరు మాటను రెండుసార్లు ఎత్తబోయి మానుకున్నారు.)

మత్స్యకార పెద్ద: అయ్యా, నన్ను కూడా పిలిచారు. పడవ సంగతి ఎవరూ అనడం లేదు.

వ్యాఖ్యాత: తప్పకుండా. క్లుప్తంగా చెప్పండి.

మత్స్యకార పెద్ద: అది వేటకు చేసిన ఫైబర్ బోటు. వలకూ చేపకూ సరిపోయే అంచు దానిది. పన్నెండు మందిని కూర్చోబెట్టి కెరటం దాటించడానికి కాదు. మధ్యాహ్నం గాలి లేచిన తరువాత మైపాడులో కెరటం ఎట్లా విరుగుతుందో అక్కడి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. పడవ ముక్కు కెరటానికి ఎదురు పట్టకపోతే అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పట్టా కింద కుప్పగా ఉన్నాయి. తాడు కట్టి లాగిన మావాళ్లే చూశారు.

సదస్సు నిర్వాహకుడు: ఉక్కపోతగా ఉందని అతిథులే వేసుకోలేదు. మేము బలవంతం చేయలేము కదా.

మత్స్యకార పెద్ద: చేయాలి. 2017 నవంబరులో కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడినప్పుడు పోయినవాళ్లలో ఒంగోలు వాళ్లు ఎంతమంది? అది నది. ఇది సముద్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధమంటే మేము ఇంజను తీసి ఇంట్లో పెట్టుకుంటాము. మాకు అన్ని నియమాలు ఉన్నప్పుడు, షికారు పడవ ఎవరి లెక్కలో ఉంది? దాన్ని ఎవరు తనిఖీ చేశారు?

వ్యాఖ్యాత: మంచి ప్రశ్న. అయితే దీనిలో మీవాళ్లకు ఉపాధి కూడా ఉంది కదా? అరకులో గిరిజనులే దారి చూపుతున్నారు. మీరు కూడా—

మత్స్యకార పెద్ద: ఉపాధి వద్దనలేదయ్యా. తనిఖీ ఎవరిదని అడిగాను.

సదస్సు నిర్వాహకుడు: వచ్చేసారి సముద్రం మానుకుని నేలపట్టు పక్షుల కేంద్రంలో రాజహంసలను చూపిస్తాము.

విశ్రాంత ఆచార్యులు: నేలపట్టులో గూళ్లు కట్టేది గూడబాతులు. రాజహంసలు పులికాట్ సరస్సులో మేతకు దిగుతాయి, అదీ చలికాలంలో. పులికాట్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగుపై ఇచ్చిన తీర్పులో ఆ సరస్సు చుట్టూ 1000 మీటర్ల మేర—

రొయ్యల రైతు: మళ్లీ మా మీదికే వచ్చారు! ఆ తీర్పు తరువాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగు చట్టం వచ్చింది, దాని అమలుకు అథారిటీ వచ్చింది, రిజిస్ట్రేషన్ చేసుకుని సాగు చేస్తున్నాము. తప్పు చేసింది బూట్లు వేసుకుని వచ్చినవారు, మేము కాదు. అన్నా, నువ్వు చెప్పు, నీ పడవలో నీ అనుమతి లేకుండా పరాయివాడు ఎక్కితే ఊరుకుంటావా?

మత్స్యకార పెద్ద: ఊరుకోను. కానీ నీ గుంట నీళ్లు ఏట్లోకి వచ్చినప్పుడు నా వలలో—

రొయ్యల రైతు: చూశారా, అన్న కూడా ఊరుకోనంటున్నాడు!

వ్యాఖ్యాత: అంటే ఒక విషయంలో ఏకాభిప్రాయం వచ్చినట్టే. గుంటలకు అతిథులు రావాలంటే రైతులందరి సమ్మతి ఉండాలి.

విశ్రాంత ఆచార్యులు: నేను ఆ మాట అనలేదు. గట్టు మీద తొట్టి పెట్టినంత శ్రద్ధగా తూము దగ్గర కూడా—

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది సార్. రైతు గారూ, చివరిగా ఒక్క మాట. తగిన జాగ్రత్తలతో, అరకు తోటల తరహాలో, టిక్కెట్టు పెట్టి గుంటలు చూపిస్తే మీకు అభ్యంతరమా?

రొయ్యల రైతు: టిక్కెట్టు ఎంత పెడతారో ముందు చెప్పండి. గట్టుకు కంచె ఎవరు వేస్తారు? తెగులు వస్తే పరిహారం ఎవరిస్తారు? సీడు రేటు చూడండి, లీజు చూడండి, డీజిలు చూడండి—

మత్స్యకార పెద్ద: అయ్యా, ఆ పడవకు తనిఖీ—

(సంగీతం మొదలైంది. వక్తల మైకులు ఆపారు. తెర మీద రైతు ఇంకా వేళ్ల మీద ఖర్చులు లెక్కపెడుతూనే కనిపించారు.)