తనిఖీ నివేదికలో మూడో గడి

అక్కలకు, అన్నలకు, వేదిక మీది పెద్దలకు నమస్తే. పేరుపేరునా చెప్పడం లేదు, మన్నించాలి.

కార్మిక తనిఖీ మీద ఐఎల్ఓ, అంటే జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, చేసిన 81వ కన్వెన్షన్ (ఒప్పందం) 1947లో వచ్చింది. 1949లో మన దేశం ఆమోదించింది. ఆమోదించాక లెక్క చెప్పాలి కదా! 20వ అధికరణం ప్రకారం ఏటా తనిఖీ నివేదిక అచ్చువేయాలి. ఏడాది ముగిశాక 12 నెలల్లోపు బయటికి రావాలి, వచ్చిన 3 నెలల్లో జెనీవాకు పంపాలి. అందులో ఉండాల్సిన ఏడు అంశాలు, అంటే ఏడు గళ్లు, 21వ అధికరణంలో ఉన్నాయి. చట్టాలు, సిబ్బంది, తనిఖీల సంఖ్య, ఉల్లంఘనలు, ప్రమాదాలు సరే. నా గొడవంతా మూడో గడి గురించే. తనిఖీ కిందికి వచ్చే పనిచోట్లు ఎన్ని, వాటిలో మనుషులు ఎందరు?

వెయ్యి తనిఖీలు చేశామని రాశారనుకోండి. మిల్లులు రెండు వేలా, లక్షా? అది తెలియకుండా ఆ వెయ్యిని ఏం చేసుకుంటాం? ఇన్‌స్పెక్టర్లు చాలినంత మంది ఉండాలనే 10వ అధికరణాన్ని దేనితో కొలుస్తాం?

కరీంనగర్ గ్రానైట్‌నే చూడండి. క్వారీలో ఉన్నంతసేపు అది గని, కేంద్రం కింది గనుల భద్రతా శాఖ చూస్తుంది. అదే రాయి లారీ ఎక్కి కోత మిషన్ దగ్గరికొస్తే రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖది. అక్కడ చట్టం చెప్పిన సంఖ్యకు ఒక్క మనిషి తగ్గితే ఫ్యాక్టరీ లెక్కలోకే రాదు. దుమ్ము మాత్రం అంతటా అదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తా మోసే అన్న పేరు ఏ మస్టర్‌లో, ఏ హాజరు పట్టీలో ఉంది? మీరే చెప్పండి!

దుమ్మంటే గుర్తొచ్చింది, ఏడో గడి వృత్తి వ్యాధులది. రాతి దుమ్ముతో సిలికోసిస్, పత్తి దుమ్ముతో బిసినోసిస్, రెండూ ఊపిరితిత్తుల జబ్బులే. రెండూ చట్టం పట్టికలో ఉన్నాయి, గుర్తించిన డాక్టర్ తనిఖీ శాఖ ప్రధాన అధికారికి రాసి పంపాలి. చీటీ మీద ఉత్త టీబీ అని పడితే ఆ కాగితం కదలదు. అందుకే దవాఖానకు పోయినప్పుడు ఏ పని, ఎన్నేళ్లు, ఏ దుమ్ము అన్నది ముందే చెప్పి చీటీలో రాయించుకోండి.

ఈ కన్వెన్షన్ మీదే 2015, 2017, 2019లలో జెనీవాలో జరిగే ఐఎల్ఓ మహాసభ కమిటీ మన దేశాన్ని పిలిచి అడిగింది. ముందస్తు సమాచారం లేకుండా పగలైనా రాత్రైనా లోపలికి పోయే హక్కు ఇన్‌స్పెక్టర్‌కు 12వ అధికరణం ఇచ్చింది. ఆయన ఏ పనిచోటికి పోవాలో కంప్యూటర్ తేలిస్తే ఆ హక్కు ఎంత మిగిలిందన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ప్రభుత్వం జెనీవాకు పంపే నివేదిక నకలు కేంద్ర కార్మిక సంఘాలకు ఇవ్వాలని ఐఎల్ఓ రాజ్యాంగం 23వ అధికరణం చెబుతోంది. అది తెప్పించుకోండి. మీ మండలంలో మిల్లులెన్ని, కూలీలెందరు, చివరి తనిఖీ ఎప్పుడు అన్నది పట్టిక వేసి, సెప్టెంబరు 1 లోపు జెనీవాకు చేరేటట్టు మీ కేంద్ర సంఘం ద్వారా పంపండి. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు మాత్రం రాయకండి.