మోనే బొమ్మలో నిజం ఇసుక ఉంది! ట్రూవిల్ బీచ్ కాన్వాస్ ప్రింట్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రింట్ నేను కొన్నది కాదు, రివ్యూ కోసం ఫ్రీగా పంపారు. రేటు, ఫ్రేము, డెలివరీ వివరాల జోలికి పోను.

దీని మీద ఉన్నది ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1870 వేసవిలో వేసిన ట్రూవిల్ బీచ్. ఫ్రాన్స్‌లో నార్మండీ తీరం. ఆ జూన్ నెలాఖరులోనే కమీల్‌తో పెళ్లయింది. ఎడమవైపు తెల్ల గౌను, పూల టోపీ, గొడుగు నీడలో ముఖం... ఆవిడ కమీలే అంటారు. కుడివైపు నల్ల గౌనులో ఉన్నావిడ యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడి భార్య అయ్యుండొచ్చు. మోనేకి ఆరుబయట కూర్చుని బొమ్మ వేయడం అలవాటు చేసింది ఆ బూదానే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇసుక! ఒరిజినల్ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను దాన్ని దాటుకుని వెళ్లిపోయాను. ఎందుకంటే అది 38 సెంటీమీటర్ల ఎత్తు, 46 చిల్లర వెడల్పు, అంతే. తర్వాత తెలిసింది, ఆ రంగులో ఇసుక రేణువులు, గవ్వల ముక్కలు ఇరుక్కుని ఉన్నాయని. అంటే ఆయన ఆ ఒడ్డునే కూర్చుని వేస్తుంటే, ఇసుక వచ్చి తడి రంగుకి అంటుకుపోయింది. నూట యాభై ఏళ్లు దాటినా అక్కడే ఉంది! రెండోసారి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. గౌను మీద తెల్ల రంగు ఎంత మందంగా పూశాడంటే, కుంచె ఎటునుంచి ఎటు లాగాడో తెలిసిపోతుంది.

మరి ఈ ప్రింట్? వేలితో ఇలా రాస్తే నున్నగా జారిపోతోంది, చూడండి. పైన వార్నిష్ ఒకటి, ట్యూబ్‌లైట్ వేస్తే కమీల్ ముఖం మీదే మెరుస్తోంది. అంత చిన్న బొమ్మని మూడడుగులకి సాగదీశారు. చకచకా లాగిన కుంచె గీతలు చీపురుతో ఊడ్చినట్టు కనిపిస్తున్నాయి. దీన్ని పెయింటింగ్ అని చెప్పి అమ్ముతున్నారు, అందుకే నాకు కోపం. కాలేజీ రోజుల్లో నా గదిలో మోనే కలువపూల పోస్టర్ ఉండేది, మామూలు కాగితం, నాలుగు మూలలా టేపు. దాన్ని ఎవరూ పెయింటింగ్ అని చెప్పి అమ్మలేదు, అందుకే నాకు ఇష్టం.

నా మాట, ఇది కొనకండి. చిన్న సైజులో, మెరుపు లేని కాగితం మీద ఎవరైనా వేసిస్తే అది తీసుకోండి. లండన్‌లో ఉన్నవాళ్లు, చదువుకోడానికి వచ్చినవాళ్లు, ఒక్క ఆదివారం వెళ్లండి. బొమ్మలో ఆ ఇద్దరి మధ్య ఖాళీ కుర్చీ ఉంటుంది. దానికి వేలాడుతున్నది పిల్లల బూటు అంటారు. వాళ్ల అబ్బాయి జాన్‌కి అప్పుడు మూడేళ్లు, వాడిదే కావచ్చు. ఈ ప్రింట్‌లో అదెక్కడుందో చూపిస్తా... ఇదిగో, ఈ నల్ల మరక.