వినబడేది ఎవరి గొంతు?

అందరికీ నమస్కారం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుతో బాధపడే బిడ్డో, తోబుట్టువో ఉన్నారు. "ఎదురుగా ఎవరూ లేకపోయినా మాట్లాడుతుంటాడండీ" అని మీరు చెప్పే మాట దగ్గరే మొదలుపెడతాను. తనకు మాత్రమే వినబడే గొంతులకు బదులిస్తుంటాడన్నమాట.

మీ అరచేతిలో మీరే చక్కిలిగింత పెట్టుకొని చూడండి. పెద్దగా ఏమీ అనిపించదు. అదే పక్కవాళ్లు పెడితే ఆగలేరు. మన చెయ్యి కదిలేటప్పుడే "ఇది నా పనే" అని మెదడు లోపల ఒక కబురు పంపుకుంటుంది. అది అందగానే ఆ స్పర్శ జోరు తగ్గిపోతుంది. 2000లో లండన్ పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించారు. గొంతులు వినబడే రోగులకు తామే తాకుకున్నా, వేరేవాళ్లు తాకినా ఒకేలా అనిపించింది. ఆ కబురు అందడం లేదన్నమాట.

మనసులో అనుకునే మాటలకూ ఇలాగే జరుగుతుందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. గ్యాస్ కట్టేశానా, వాడికి ఫోన్ చెయ్యాలి కదా... రోజంతా లోపల మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ మాట మీద "నాది" అన్న గుర్తు పడకపోతే అది పరాయి గొంతై వినబడుతుంది. 1993లో గొంతులు వినబడుతున్న సమయంలోనే రోగుల మెదడును స్కాన్ చేస్తే, మనం మాట్లాడేటప్పుడు పనిచేసే బ్రోకా ప్రాంతంలో రక్తప్రసరణ పెరిగింది. సొంత ఆలోచనే బయటివాడిలా నిలబడి రాత్రీ పగలూ తిడుతుంటే ఎంత నరకమో ఊహించండి.

"నాకేం జబ్బు లేదు, నన్ను వదిలెయ్యండి" అంటే మొండితనం అనుకుంటాం. తన స్థితిని తాను అంచనా వేసుకోవాల్సింది కూడా జబ్బుపడిన ఆ మెదడే కదా! గాలి సోకిందని తాయెత్తులు కట్టించి ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలను చూశాను. వాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లకు ఎవరూ ఇది విడమరిచి చెప్పలేదు. 1950ల నుంచీ మందులున్నాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గించి చాలామందిలో ఆ గొంతుల జోరు తగ్గిస్తాయి.

ఈ రాత్రి మీవాడు మళ్లీ గొంతుల గురించి చెబితే, "అదంతా నీ భ్రమ" అని వాదించకండి. "నాకు వినబడట్లేదు నాన్నా, కానీ నీకు వినబడుతోందని నమ్ముతున్నాను. ఏమంటున్నాయి?" అని అడగండి. చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో అంటున్నాయని చెబితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఒంటరిగా వదలకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం చెయ్యాలో తోచకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.